క్రూయిజ్ టికెట్టులో గడువులు చూసుకోండి

సంపాదకులకు,

అమెరికా వెళ్లిన తల్లిదండ్రులను పిల్లలు మయామీ నుంచో, పోర్ట్ కెనావెరల్ నుంచో బహమాస్ ఓడ ఎక్కించడం మన ఇళ్లలో మామూలైపోయింది. ధర నాలుగు చోట్ల చూసి కొంటారు గానీ, టికెట్టుతో వచ్చే ఒప్పందాన్ని ఎవరూ తెరవరు. తగవు వస్తే నడిచేది దాని మాటే.

డెక్ మీద జారిపడి కాలు విరిగిందనుకోండి. సాధారణంగా 6 నెలల్లో సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి, ఏడాదిలోగా దావా వేయాలి. గాయాల విషయంలో ఇంతకన్నా తగ్గించకూడదని అమెరికా చట్టం అంటోంది. సంస్థలు సరిగ్గా అక్కడే గీత గీస్తాయి. సామాను, డబ్బు తగాదాలకు ఆ రక్షణ లేదు, గడువు ఇంకా తక్కువ. పైగా చాలావాటిని ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు, పంపుతారు. మనం ఉన్న ఊళ్లో దావా వేద్దామంటే కుదరదు, ఒప్పందంలో రాసిన చోటే, ఎక్కువగా మయామీలోనే వేయాలి. ఈ షరతు చెల్లుతుందని అక్కడి సుప్రీంకోర్టు 1991లోనే తేల్చేసింది. కస్టమర్ కేర్‌తో ఈమెయిళ్లు నడుస్తున్నాయి కదా అని ఊరుకుంటే గడువు ఆగదు.

నేల తడిగా ఉందంటే చాలదు. ఆ సంగతి సిబ్బందికి తెలుసనో, తెలిసి ఉండాల్సిందనో మనమే రుజువు చేయాలి. అందుకే తుడిచేయకముందే ఫొటోలు తీయాలి. హెచ్చరిక బోర్డు ఉందో లేదో వాటిలో కనబడాలి. చూసినవాళ్ల ఫోన్ నంబర్లు, ఓడ వైద్యుడి కాగితాలు దిగేలోపే తీసుకోవాలి. సీసీటీవీ రికార్డింగు చెరిపేయవద్దని వెంటనే రాసివ్వాలి.

తుపాను వల్ల ఓడ బహమాస్ రాజధాని నస్సావులో ఆగలేదని టికెట్టు డబ్బు అడిగి లాభం లేదు. దారి మార్చుకునే హక్కు ఒప్పందంలోనే ఉంటుంది. ఆ రేవు రుసుములు, ఓడవాళ్ల దగ్గరే కొన్న అక్కడి విహారాల సొమ్ము మాత్రం అడగండి. ప్రయాణమే రద్దయినా, ఎక్కించుకోవడం 3 రోజులకు తగ్గకుండా ఆలస్యమై మీరు మానుకున్నా అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడల్లో డబ్బు వాపసు ఇవ్వాలని అక్కడి నౌకా రవాణా నియంత్రణ సంస్థ ఫెడరల్ మారిటైమ్ కమిషన్ 2022 నిబంధన.

విశాఖ, చెన్నైలలో ఓడ ఎక్కేవారి పరిస్థితి చాలా నయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం ఉండే జిల్లాలోని కమిషన్‌కే ఫిర్యాదు చేయవచ్చు. గడువు 2 ఏళ్లు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడవచ్చు. ఈ నంబరు, ఈ గడువు తెలుగులో రాసిన బోర్డు ఒకటి విశాఖ క్రూయిజ్ టెర్మినల్‌లో పెట్టించాలని పోర్టు అధికారులను కోరుతున్నాను.

– ఒక న్యాయవాది, విశాఖపట్నం