మతపాఠశాలల పిల్లలకూ ఆటల గంట కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. బడుల్లో ఆటస్థలాలు లేవనీ, పరీక్షలు దగ్గర పడగానే గేమ్స్ పీరియడ్‌ని లెక్కల మాస్టారు తీసేసుకుంటారనీ పత్రికల్లో తరచూ చదువుతుంటాం. ఆ చర్చలో ఎప్పుడూ కనబడని పిల్లలు కొందరున్నారు. వేదపాఠశాలల్లో, మదర్సాల్లో, క్రైస్తవ సెమినరీల్లో, బౌద్ధ విహారాల్లో, యూదుల యెషివాల్లో చదువుకునేవాళ్లు. అక్కడి చదువు ఆయా మతపెద్దలు చూసుకుంటారులే అని మిగతావాళ్లం పట్టించుకోం. ఏ పాఠం చెప్పాలన్నది వాళ్ల ఇష్టమే, కాదనను. కానీ ఎదిగే వయసులో ఎముకకీ, కండకీ, కంటికీ కావలసింది ఏ మతం పిల్లలకైనా ఒకటే. వ్యాయామ ఉపాధ్యాయుడిగా నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం ఇది, అందుకే రాస్తున్నాను.

ఈ పిల్లల రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారకముందే లేస్తారు. ప్రార్థన, ఆ వెంటనే వల్లింపు, తర్వాత కొత్త పాఠం, మధ్యాహ్నం మళ్లీ పాత పాఠం, రాత్రి అప్పజెప్పడం. ఇదంతా చాలాచోట్ల నేల మీద బాసింపట్టు వేసుకునే. పుస్తకం ఒళ్లోనో, ఎదురుగా చిన్న పీట మీదో ఉంటుంది. మెడ వంగి ఉంటుంది, వీపు గూడు కడుతుంది. అక్కడే ఉండి చదువుకునే వాళ్లకు ఇంటి నుంచి బడికి నడిచే ఆ కాస్త నడక కూడా ఉండదు. పడుకునే గది, చదివే గది, భోజనాల గది అన్నీ ఒకే ఆవరణలో.

వల్లె వేస్తున్న పిల్లల్ని కాసేపు దగ్గర నుంచి గమనించండి. ఖురాన్ కంఠస్థం చేసే పిల్లవాడు ముందుకీ వెనక్కీ ఊగుతుంటాడు. యెషివాలో పిల్లవాడూ అంతే. వేదం చెప్పుకునే పిల్లవాడు స్వరాన్ని బట్టి తల ఆడిస్తాడు. టిబెటన్ మఠాల్లో తర్కం నేర్చుకునే కుర్ర భిక్షువులైతే ఆవరణలో నిలబడి, ప్రశ్న వేసేటప్పుడు కాలు నేలకేసి కొట్టి, చేతులు గట్టిగా చరుస్తారు. ఒళ్లు కదులుతుంటే మాట బాగా నిలుస్తుందని ఈ సంప్రదాయాలన్నింటికీ అనుభవంలో తెలిసినట్టే ఉంది. కూర్చున్న చోటనే అంత కదిలే పిల్లల్ని లేచి పరిగెత్తనిస్తే చదువు పాడవుతుందని ఎందుకు భయపడాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా, ఊపిరి వేగం పెరిగేలా కదలాలి. వారంలో కనీసం 3 రోజులు కండరాలకీ ఎముకలకీ బలమిచ్చే కసరత్తు ఉండాలి. అదే సంస్థ 2016 నాటి వివరాలతో వేసిన లెక్కలో, 11 నుంచి 17 ఏళ్ల మధ్య బడి పిల్లల్లో 81 శాతం మందికి ఆ మాత్రం కదలిక లేదని తేలింది. అమ్మాయిల్లో 85 శాతం. ఆటల పీరియడ్ ఉన్న బడుల్ని కూడా కలుపుకుంటేనే పరిస్థితి ఇలా ఉంది. ఆ పీరియడే లేని చోట ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

కళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మతపాఠశాలలకు నేరుగా తగిలే విషయం. ఇజ్రాయెల్‌లో టీనేజీ పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 1993లో వెలువడింది. సంప్రదాయ మతపాఠశాలల్లో చదివే అబ్బాయిల్లో 80 శాతానికి పైగా హ్రస్వదృష్టి, అంటే దూరంలో ఉన్నవి మసగ్గా కనిపించే లోపం, ఉన్నట్టు అందులో తేలింది. అదే మత సమాజానికి చెందిన అమ్మాయిల్లో అది సుమారు మూడో వంతే. మామూలు బడుల పిల్లల్లోనూ ఇంచుమించు అంతే, ఇంకాస్త తక్కువ. ఒకే సమాజంలో పుట్టి పెరిగిన అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఇంత తేడా ఉంటే వంశపారంపర్యం అని సరిపెట్టుకోలేం. పుస్తకానికి ముఖం ఆనించి గంటలకొద్దీ చదివే అలవాటునే పరిశోధకులు వేలెత్తి చూపారు. తర్వాత చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచి 3 ఏళ్లు పరిశీలించారు. కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు మిగతా బడుల్లో 39.5 శాతం, ఈ పిల్లల్లో 30.4 శాతం. పగటి వెలుతురులో గడిపితే చాలు, ఇంత తేడా వచ్చింది. జీవితమంతా గ్రంథాలు చదువుతూ గడపవలసిన పిల్లలకు కళ్లకన్నా పెద్ద ఆస్తి ఏముంది?

యాజమాన్యాలతో మాట్లాడితే మొదట వినిపించే మాట, ఆటల్లో పడితే ధ్యాస మళ్లుతుందని. తల్లిదండ్రుల మాట కూడా అదే, ఆడుకోవడానికైతే ఇంత దూరం పంపేవాళ్లమా అంటారు. ఆ పట్టుదలను నేను గౌరవిస్తాను. కానీ ఒక సంస్థలో నేను చూసిన ఫుట్‌బాల్ వార్డెన్ గదిలో బీరువా మీద ఉంది. గాలి పోయి, దుమ్ము పట్టి, ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఎవరో దాత ఇచ్చారట. కిటికీలోంచి ఆ బంతి వంక చూస్తూ వెళ్లే పిల్లల్ని చూస్తే, ఆట లేనంత మాత్రాన ధ్యాస కుదురుతుందని నాకు అనిపించలేదు.

పైగా ఏ మతమూ శరీరాన్ని నిర్లక్ష్యం చేయమనలేదు. వివేకానందుడు 1897లో మద్రాసు ప్రసంగంలో యువకులకు గీత కన్నా ముందు ఫుట్‌బాల్ ఆడమని చెప్పిన సంగతి అందరికీ తెలిసిందే. బలహీనుడైన విశ్వాసి కన్నా బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టుడన్న హదీసు, అంటే ముహమ్మద్ ప్రవక్త మాట, మదర్సాల్లో చెప్పేదే. కొడుకుకు తండ్రి నేర్పవలసిన వాటిలో ఈత కూడా ఉందని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఒక అభిప్రాయం. నడుస్తూ ధ్యానం చేస్తే ఆరోగ్యం, అరుగుదల, నిలకడైన ఏకాగ్రత కలుగుతాయని బుద్ధుడు చెప్పినట్టు పాళీ గ్రంథాల్లో ఉంది. నాకు బాగా నచ్చేది తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అనే భాగంలోని ప్రార్థన. విద్యార్థి ముందు నా శరీరం చురుగ్గా, సమర్థంగా ఉండాలని కోరుకుంటాడు. నాలుక తీయగా పలకాలనీ, చెవులు బాగా వినాలనీ కోరడం ఆ తర్వాతే. రోజూ ఆ మంత్రం చెప్పే పిల్లవాడికి ఆటల గంట ఇవ్వడం పాఠాన్ని అమలు చేయడమే.

స్థలం లేదన్నది రెండో అభ్యంతరం. బాస్కెట్‌బాల్ ఎలా పుట్టిందో గుర్తు చేస్తాను. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, క్రైస్తవ సంస్థ వైఎంసీఏ నడిపిన శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ దాన్ని రూపొందించారు. ఆయన దైవశాస్త్రం చదివిన మనిషి. చలికాలంలో బయటికి వెళ్లలేక చికాకు పడుతున్న విద్యార్థులకు నాలుగు గోడల మధ్య, ఒకరినొకరు తోసుకోకుండా ఆడే ఆట కావలసి వచ్చింది. రెండు పండ్ల బుట్టలు బాల్కనీ అంచులకు బిగించి మొదలుపెట్టారు. 1895లో వాలీబాల్ కూడా వైఎంసీఏలోనే పుట్టింది. తాడాటకు మనిషి చేతులు చాచినంత చోటు చాలు. ఆవరణ చుట్టూ పరుగు, తాడు లాగే పోటీ, సాగతీసే కసరత్తులు, ఇవన్నీ డబ్బుతో పని లేనివి.

అమ్మాయిల దగ్గరికి వచ్చేసరికి దుస్తుల మాట వస్తుంది. తలపై వస్త్రంతో ఆడటానికి అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో 2014లోనే అనుమతి వచ్చింది, బాస్కెట్‌బాల్‌లో 2017లో. మరుగైన ఆవరణ, నేర్పడానికి ఒక మహిళ ఉంటే తల్లిదండ్రుల టెన్షన్ చాలావరకు తీరుతుంది. ఉపవాస దినాల్లో పరుగులు మాని తేలిక కసరత్తులతో సరిపెట్టుకోవచ్చు, చేయలేని పిల్లల్ని బలవంతపెట్టకూడదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పదలిచాను. పాఠం రాలేదని గుంజీళ్లు తీయించడం, ఆవరణ చుట్టూ పరిగెత్తించడం ఆపాలి. వ్యాయామాన్ని శిక్షగా వాడితే పిల్లవాడికి జన్మలో దాని మీద ఇష్టం పుట్టదు. పాఠం అప్పజెప్పలేదని ఆట మాన్పించడమూ అంతే తప్పు. వెనకబడిన పిల్లలకే ఆ విరామం ఎక్కువ అవసరం. ఆవరణ ఊడ్పించడం, నీళ్లు మోయించడం ఆట కిందికి రావు.

వ్యాయామ ఉపాధ్యాయుణ్ని పెట్టుకునే స్తోమత లేని సంస్థలు చాలా ఉంటాయి. పెద్ద తరగతుల విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురికి దగ్గరి బడిలోని పీఈటీ కొన్ని రోజులు శిక్షణ ఇస్తే వాళ్లే చిన్నవాళ్లను ఆడించగలరు. నాలాంటి వాళ్లం డబ్బు తీసుకోకుండా వస్తాం, పిలవాలి అంతే. ఉదయం వల్లింపుల మధ్య రెండు మూడు సార్లు కాసేపు లేచి కదలడం, సాయంత్రం వెలుతురు ఉండగా ముప్పావుగంట ఆట. ఇది టైం టేబుల్‌లో రాసి గోడకు అంటించాలి. వీలున్నప్పుడు చూద్దాం అనుకుంటే ఎప్పటికీ వీలు కాదు. గురువులు కూడా వచ్చి పిల్లలతో నాలుగు అడుగులు వేస్తే తల్లిదండ్రుల అనుమానాలు సగం తీరిపోతాయి.

మీ పత్రికకు ఒక విన్నపం. విద్య పేజీలో మతపాఠశాలల మీద ఒక కథనం రాయించండి. పిల్లలు రోజులో ఎన్ని గంటలు కూర్చుంటున్నారు, ఎంతసేపు ఎండ తగులుతోంది, కంటి పరీక్షలు చివరిసారి ఎప్పుడు జరిగాయి అని మీ విలేఖరులు అడిగి రాయాలి. ఆటల గంటను ఇప్పటికే చక్కగా నడుపుతున్న సంస్థలు ఉంటే వాటి టైం టేబుల్‌ని ఉన్నదున్నట్టు అచ్చు వేయండి. మిగతా యాజమాన్యాలు చూసి అనుసరిస్తాయి.

భవదీయుడు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు