ఆగస్టు వార్తాలేఖ: వానంటే భయం, నలుగురంటే భయం

తల్లిదండ్రులకు నమస్కారం.

మూడో తరగతిలో ఒక పాప ఉంది. చినుకు పడటం ఆలస్యం, కింద ఉన్న బ్యాగు తీసి బెంచీ మీద పెట్టుకుంటుంది. టీచరు ఏమీ అనరు. ఇప్పుడు పక్కనున్న పిల్లలూ అలాగే పెట్టుకుంటున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు మునిగిన పిల్లలు మన బడిలో చాలామందే ఉన్నారు. డాబాల మీద కూర్చుని పడవ కోసం, డ్రోన్లు తెచ్చే అన్నం పొట్లాల కోసం ఎదురుచూసినవాళ్లు వాళ్లు. నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి ఇంట్లో బురద కడగడం కళ్లారా చూశారు. మనం పనుల్లో పడి కొంత మరిచిపోయాం గానీ, వాళ్లు మరిచిపోలేదు.

"బుడమేరు మళ్లీ వస్తుందా?" అని అడిగితే మన నోటికి చటుక్కున వచ్చే మాట "ఏం కాదులే, దేవుడున్నాడు". ఆ మాటలో తప్పేమీ లేదు. అక్కడితో ఆపేస్తేనే ఇబ్బంది. దుర్గమ్మకు దండం పెట్టుకున్న ఇల్లయినా, గుణదల మాతకు మొక్కుకున్న ఇల్లయినా, నమాజు చేసుకునే ఇల్లయినా, వరద తర్వాత సర్టిఫికెట్లు, ఆస్తి కాగితాలు మూటగట్టి అటక ఎక్కించాయి కదా! దేవుణ్ణి నమ్మడం, మన పని మనం చేసుకోవడం రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. పిల్లలకు ఆ రెండో సగం కూడా చెబుదాం.

అందుకే పై తరగతుల్లో బుడమేరు దారి మొత్తం బోర్డు మీద గీయించాం. మైలవరం దగ్గరి కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. వెలగలేరు దగ్గర కొంత నీటిని డైవర్షన్ కాలవలోకి మళ్లించి కృష్ణలోకి పంపుతారు. ఆ ఏడాది ఆ కాలవకే మూడు గండ్లు పడ్డాయి. అటు కృష్ణ కూడా నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. వాగు పారే దారిలో మనం కట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఇదంతా చెబితే పిల్లలు ఇంకా భయపడతారేమోనని ఒకరిద్దరు అడిగారు. కానీ జరిగింది వేరు. బొమ్మ గీయడం అయ్యాక వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "అయితే మా వీధి డ్రైనులో కవర్లు ఎవరు తీస్తారు?" అని. మన కవర్ల వల్లే వరద వచ్చిందని నేను అనను, అది నిజం కాదు. కానీ మామూలు వానకే వీధిలో నీళ్లు నిలిచిపోతున్నాయంటే అందులో మన చేయి ఉంది.

ఇక రెండో భయం. ఇది పిల్లలది కాదు, మనది. పుట్టినరోజుకు ప్లాస్టిక్ కాగితాల చాక్లెట్లు వద్దంటే "క్లాసులో తక్కువగా చూస్తారేమో" అంటారు. పాత యూనిఫాం మార్పిడి పెడితే "కొనలేకపోయారని అనుకోరా?" అంటారు. స్టీలు బాటిలు సొట్టపడిందని కొత్తది కొనేవాళ్లున్నారు (సొట్టపడిన బాటిల్లోంచి నీళ్లేమీ కారిపోవు). వరదకు లేని టెన్షన్ నలుగురేమనుకుంటారో అన్నదానికి!

అలాంటి మనమే దీక్ష తీసుకుంటే ఎవరికీ జంకం. అయ్యప్ప మాల వేసుకున్న నాన్న నలభై ఒక్క రోజులు చెప్పులు లేకుండా ఆఫీసుకు వెళతారు, నేల మీద పడుకుంటారు. భవానీ దీక్షలో అమ్మ ఎర్రచీరలోనే పెళ్లిళ్లకూ వెళుతుంది. రంజాన్‌లో పగలంతా మంచినీళ్లు కూడా ముట్టరు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో క్రైస్తవులు ఇష్టమైనవి మానేస్తారు. తక్కువతో బతకడం మనకు కొత్త కాదు, చిన్నతనమూ కాదు. ఆ ధైర్యం దీక్ష విరమణతో పాటు ఎక్కడికి పోతోందన్నదే నాకు అర్థం కాదు. చేతిసంచి పట్టుకుని బజారుకు వెళ్లడానికి అందులో పదోవంతు చాలు.

ఈ నెల నుంచి బడిలో చేస్తున్నవి చెబుతాను. పుట్టినరోజుకు చాక్లెట్ల బదులు జామకాయలో, ఇంట్లో చేసిన నువ్వుండలో పంపండి. ఏదీ కుదరకపోతే ఉత్త చేతులతో పంపినా సరే, క్లాసంతా పాట పాడుతుంది. థర్మోకోల్ అలంకరణ మాత్రం బడిలోకి రానివ్వం. 2022 జులై 1 నుంచి అది చట్టం ప్రకారమే నిషేధం. నిరుడు మిగిలిపోయిన నోట్సుల్లోని తెల్లకాగితాలు పంపితే రఫ్ పుస్తకాలుగా కుట్టిస్తాం.

యూనిఫాం మార్పిడి రెండో శనివారం, లైబ్రరీ గదిలో. ఉతికి ఇస్త్రీ చేసి, గుండీలు సరిచూసి తెండి. ఎవరు ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో రాసుకోం. మన టీచర్లలో కొందరు తమ పిల్లల కోసం ఇప్పటికే సైజులు చెప్పి ఉంచారు, కాబట్టి ఐదో తరగతి నిక్కర్లు కావలసినవాళ్లు కాస్త పెందలాడే రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు