ఆన్సీ షట్టర్లు చూసొచ్చాను నాన్నా

నాన్నా,

అమ్మ ఫోన్ చేస్తే తిన్నావా అని అడుగుతుంది, నువ్వేమో అక్కడ నీళ్లెలా ఉన్నాయి అంటావు, అందుకే ఈ ఉత్తరం నీ పేరు మీదే రాస్తున్నా. శనివారం లియోన్ నుంచి రెండు గంటలు రైల్లో వెళ్లి, ఇక్కడ ఫ్రాన్స్‌లోనే ఉన్న ఆన్సీ అనే ఊరు చూసొచ్చాం. రాసేటప్పుడు అన్నెసీ అని రాస్తారు, అలా పలికితే మాత్రం ఇక్కడ ఎవరికీ అర్థం కాదు.

పెద్ద సరస్సు, చుట్టూ కొండలు. ఆ నీళ్లు బయటికి పోయే దారి తియూ నది. నది అంటారు గానీ పొడవు 3.5 కిలోమీటర్లే, పాత ఊళ్లో పాయలుగా చీలి ఇళ్ల గోడలు రాసుకుంటూ పోతుంది. నట్టనడుమ ఓడ ముక్కులా నిలబడిన రాతి కట్టడం ఒకటుంది, పలే ద లిల్, 12వ శతాబ్దంది. టంకశాల, కోర్టు, జైలు అన్నీ అందులోనే నడిచాయట. జనమంతా దాన్నే ఫొటోలు తీస్తున్నారు, నాకేమో ఇంకోచోట నీళ్లను ఆపి వదిలే షట్టర్లు కనబడ్డాయి, ఇక అక్కడి నుంచి కదల్లేదు. సరస్సు మట్టం వీటితోనే సరిచేస్తారు. తలుపు కింద నుంచి నీళ్లు నున్నగా వంగి, జానెడు అవతల ఒక్కసారి తెల్లగా విరుగుతున్నాయి. మన కాలువల మీదలా షట్టర్లు ఎత్తి దించే లష్కరు ఎక్కడైనా ఉన్నాడేమోనని చూశాను, ఎవరూ లేరు!

నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే పెడల్ బోటులో కూర్చుంటే అడుగున గులకరాళ్లు కనబడతాయి. ఒకప్పుడు ఇలా లేదట, ఊళ్ల మురుగంతా ఇందులోకే వచ్చేదట. ఒక డాక్టరు గోల పెట్టగా పెట్టగా, 1957లో చుట్టుపక్కల ఊళ్లు సంఘంగా ఏర్పడి, మురుగు సరస్సులో పడకుండా చుట్టూ పెద్ద పైపులైను వేయించాయి. చూడ్డానికేమీ ఉండదు, భూమిలో ఉంటుంది కదా, నాకైతే ఆ రాతి కట్టడంకన్నా అదే గొప్ప.

మధ్యాహ్నం సైకిళ్లు అద్దెకు తీసుకుని పడమటి ఒడ్డున పాత రైలు కట్ట మీద వేసిన దారిలో దుస్సార్ అనే ఊరి దాకా తొక్కాం. మధ్యలో సొరంగం, ఎండలోంచి అందులో దూరితే చల్లగా ఒళ్లు జలదరిస్తుంది. దుస్సార్‌లో కొండ మీంచి దూకిన పారాగ్లైడర్లు ఒకరి వెనక ఒకరు పొలంలో దిగుతుంటే మీ కోడలు నన్నూ ఎక్కమంది. సైకిలే సరిగ్గా రావట్లేదు, ఇంకా అదా.

తిరిగొచ్చేటప్పుడు చైను ఊడింది. ఎక్కించేసరికి చేతులు మోచేతిదాకా గ్రీజు. పక్కనే సరస్సు, కానీ అందులో కడగబుద్ధి కాలేదు నాన్నా, నువ్విచ్చిన కర్చీఫుకే తుడుచుకున్నా. రెండుసార్లు ఉతికినా ఆ మరక పోలేదు, అమ్మకు చెప్పకు.