2024–25 వార్షిక నివేదిక: కార్యదర్శి నుంచి సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో ఏడాది పని చదివి వినిపించాలన్నది మన నియమావళి. మన ఫిల్మ్ సొసైటీ ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ఎండల వల్ల మే, జూన్ ఆపాం. మిగతా నెలవారీ ప్రదర్శనలన్నీ జరిగాయి. దసరా సెలవుల్లో పిల్లలకు పెట్టిన వర్క్‌షాపూ బాగానే నడిచింది. కానీ ఈ ఏడాది పని అంటే నా దృష్టిలో అక్టోబర్ నుంచి జనవరి దాకా వేసిన నాలుగు సినిమాలే. నాజీల కాలంలో యూదులు ఎలా తిరగబడ్డారు, ఒకరినొకరు ఎలా కాపాడుకున్నారు, వాళ్లను ఎవరు దాచారు అన్నది వాటి అంశం.

ఈ ఆలోచన ఎలా వచ్చిందో రికార్డు కోసం రాస్తున్నాను. నిరుడు ‘షిండ్లర్స్ లిస్ట్’ వేశాక జరిగిన చర్చలో ఒక డిగ్రీ అమ్మాయి లేచి, “అంతమంది ఉండి ఎందుకు ఎదురు తిరగలేదు సార్?” అని అడిగింది. వేదిక మీద ఉన్న మేం ఏదో సర్ది చెప్పాం. ఇంటికెళ్లాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే వాళ్లు ఎదురు తిరిగారు. 1943 ఏప్రిల్ 19న పోలండ్‌లోని వార్సా గెట్టోలో, అంటే యూదులను నిర్బంధించిన పేటలో, తిరగబడ్డారు. నాజీల చావు క్యాంపుల్లోనూ అంతే: అదే ఏడాది ఆగస్టులో ట్రెబ్లింకాలో, అక్టోబర్‌లో సోబిబోర్‌లో ఖైదీలు తిరగబడ్డారు; మరుసటి ఏడాది అక్టోబర్‌లో ఆష్విట్జ్ బిర్కెనౌలో శవాలు కాల్చే పనికి పెట్టిన ఖైదీలే తిరగబడ్డారు. మనం చూసే సినిమాల్లో యూదులు ఎక్కువగా ఆ క్యాంపులకు రైలెక్కేవాళ్లుగానే కనిపిస్తారు, అందుకే ఆ అమ్మాయికి ఆ సందేహం వచ్చింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, సినిమాలు ఎంచే మాది.

అందుకని మొదటి సినిమాగా ఫ్రెంచ్ దర్శకుడు క్లోడ్ లాంజ్‌మన్ తీయగా 2001లో వచ్చిన డాక్యుమెంటరీ ‘సోబిబోర్, 1943 అక్టోబర్ 14, సాయంత్రం 4 గంటలు’ ఎంచుకున్నాం. అక్టోబర్ 14నే, సరిగ్గా 4 గంటలకే వేశాం. సోమవారం, పైగా ఆఫీసులు నడిచే వేళ, ఎవరొస్తారని కార్యవర్గంలో చాలామంది అన్నారు. 50 కుర్చీలు వేస్తే చాలలేదు, వెనక చాపలు పరిచాం.

సోబిబోర్ నాజీల ఆక్రమణలో ఉన్న పోలండ్‌లోని క్యాంపు. అక్కడికి తెచ్చినవాళ్లలో దాదాపు అందర్నీ వచ్చిన రోజే చంపేవాళ్లు. పని కోసం మిగిల్చిన కొన్ని వందల మందిలో లియోన్ ఫెల్‌హెండ్లర్ అనే ఆయన తప్పించుకునే దారి వెతుకుతుండగా, 1943 సెప్టెంబర్‌లో యూదు యుద్ధఖైదీలతో కలిసి సోవియట్ ఎర్రసైన్యం అధికారి అలెగ్జాండర్ పెచెర్స్కీ వచ్చాడు. మూడు వారాల్లో పథకం తయారైంది. కొత్త కోటు కొలత చూసుకోవడానికి, క్యాంపును నడిపే నాజీ దళమైన ఎస్ఎస్ అధికారులను ఒక్కొక్కరినీ దర్జీ గదికి పిలవాలి. జర్మన్లు చెప్పిన టైముకు నిమిషం అటూ ఇటూ కాకుండా వస్తారు, ఆ నమ్మకం మీదే పథకమంతా. ఆ గదిలో గొడ్డలి పట్టుకుని ఎదురు చూసినవాడు యెహూదా లెర్నర్, 20 ఏళ్లు కూడా లేని కుర్రాడు. సినిమాలో ఆ కథ చెప్పేది ఆయనే. ఆ సాయంత్రం దాదాపు 300 మంది కంచె దాటారు. యుద్ధం ముగిసేదాకా ప్రాణాలతో మిగిలింది 50 మంది వరకే. తర్వాత నాజీలు క్యాంపును నేలమట్టం చేసి చెట్లు నాటారు.

లెర్నర్ హీబ్రూలో మాట్లాడతాడు, పక్కన ఒకావిడ ఫ్రెంచ్‌లో చెబుతుంది, కింద ఇంగ్లిష్ అక్షరాలు. మనవాళ్లలో సగం మందికి అవి అంత వేగంగా చదవడం రాదు. రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ మేడమ్ గారు, మన ఉపాధ్యక్షులు గారు పది రాత్రులు కూర్చుని మొత్తం మాటలన్నీ తెలుగులో లాంగ్ నోట్‌బుక్‌లోకి రాశారు. ఆ రోజు మేడమ్ గారు తెర పక్కన స్టూలు మీద కూర్చుని, టార్చికి కర్చీఫ్ కట్టి, మైకులో చదివారు. చనిపోయేవాళ్ల కేకలు బయటికి వినపడకుండా క్యాంపులో బాతులను పెంచేవాళ్లన్న చోట తెర నిండా బాతుల అరుపులే. మేడమ్ గారు అక్కడ చదవడం ఆపేశారు. గొడ్డలి ఎత్తిన చోట ఆవిడ గొంతు పట్టేసింది. మళ్లీ అందుకునేదాకా హాల్లో ఎవరూ కదల్లేదు. చివర్లో ఏ ఊరి నుంచి ఎప్పుడు ఎంతమందిని సోబిబోర్‌కు తెచ్చారో ఆ జాబితా అంతా చదువుతారు. టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చిన కుర్రాడు గుమ్మంలోనే నిలబడిపోయి అది పూర్తయ్యేదాకా విన్నాడు. నేను కార్యదర్శిగా ఉన్న ఇన్నేళ్లలో ఇంత మంచి ప్రదర్శన జరగలేదు.

నవంబర్‌లో, నాజీల మీద అడవిలోంచి పోరాడిన యూదు గెరిల్లాలు బియెల్స్కీ అన్నదమ్ముల మీద 2008లో వచ్చిన హాలీవుడ్ సినిమా వేశాం. యువకులకు నచ్చింది. నా అభిప్రాయంలో అందులో కాల్పులు ఎక్కువ, అడవిలో బతుకు తక్కువ. వాళ్లు చేసిన అసలు ఘనకార్యం ముసలివాళ్లు, పిల్లలతో సహా 1,200 మందిని నలిబోకి అడవుల్లో కాపాడటం. అక్కడ బేకరీ, చెప్పులు కుట్టే చోటు, బడి కూడా నడిపారు. డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లోని లె షాంబోన్ గ్రామం డాక్యుమెంటరీ. పాస్టర్ ఆంద్రె త్రోక్మే మాట మీద ఆ ఊరివాళ్లు యూదులను ఇళ్లలో దాచారు. సినిమా తీసిన పియెర్ సొవాజ్ 1944లో అక్కడే పుట్టాడు. వాన వల్ల జనం తక్కువ.

జనవరి 27న, ఆష్విట్జ్ విముక్తికి 80 ఏళ్లు నిండిన రోజున, చరిత్రకారుడు రింగెల్‌బ్లుమ్ రహస్య భాండాగారం మీద డాక్యుమెంటరీ వేశాం. వార్సా గెట్టోలో ఆకలితో చస్తూనే ఆయన బృందం డైరీలు, పోస్టర్లు, రేషన్ కార్డులు, పిల్లలు రాసిన వ్యాసాలు పోగుచేసి రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పాతిపెట్టింది. 1946లో కొన్ని, 1950లో కొన్ని బయటపడ్డాయి. మూడో భాగం ఇప్పటికీ దొరకలేదు. నిరుడు ప్రశ్న వేసిన అమ్మాయి ఆ రోజు వచ్చింది. “రాయడం కూడా ఎదురు తిరగడమే కదా సార్” అంది.

ఇప్పుడు గాజాలో జరుగుతున్నది చూస్తూ ఈ సినిమాలేంటని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. రెండు వైపుల మాటలూ మినిట్స్‌లో రాశాం. గాజా బాధ నాకూ ఉంది. దాని వల్ల 1943లో చనిపోయినవాళ్లను గుర్తు చేసుకోకూడదన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను.

ఇక చెప్పక తప్పనివి. హాలు కోసం ఒక కార్యాలయం చుట్టూ ఐదుసార్లు తిరిగాం. సరేనన్నారు. తీరా ముందు రోజు, వేరే మీటింగ్ ఉందన్నారు. ఆ టెన్షన్ నాకు తెలుసు, ట్రెజరర్ గారికి తెలుసు. తన కల్యాణ మండపం పైఅంతస్తు అద్దె లేకుండా ఇచ్చిన సభ్యులు గారికి ఎంత చెప్పినా తక్కువే. వాట్సాప్‌లో వాలంటీర్లుగా వస్తామని 12 మంది బొటనవేలు పెట్టారు. కుర్చీలు మోయడానికి వచ్చింది ముగ్గురు. రాలేకపోతే రాలేమని ముందే చెబితే వేరే ఏర్పాటు చేసుకునేవాళ్లం.

ప్రొజెక్టర్ ఇచ్చిన కాలేజీ వారికి, దాన్ని నడిపిన తమ్ముడికి, బ్యానర్ రాసిన ఆర్టిస్టు గారికి, ప్రదర్శన అనుమతుల కోసం నెలల తరబడి విదేశాలకు మెయిళ్లు రాసిన జాయింట్ సెక్రటరీకి, టీ డబ్బులు తీసుకోని హోటల్ వారికి కృతజ్ఞతలు. జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక చివరి పేజీలో ఉంది. లోటు లేదు, మిగులు చెప్పుకోదగ్గది కాదు.

వచ్చే ఏడాది విల్నా (ఇప్పటి లిథువేనియా రాజధాని విల్నియస్) యూదు గెరిల్లాల మీద 1986లో వచ్చిన డాక్యుమెంటరీ వేయాలని ఉంది. మన గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే బెనే ఎఫ్రాయిం తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాళ్లను వెళ్లి పిలవడానికి ఇద్దరు కావాలి. మేడమ్ గారి నోట్‌బుక్‌ను డీటీపీ చేయించడానికి ఒకరు కావాలి. పేర్లు ఈ సమావేశంలోనే ఇవ్వండి. చందా బాకీ ఉన్నవాళ్లు వెళ్లేటప్పుడు ట్రెజరర్ గారి దగ్గర కట్టి రసీదు తీసుకోండి.

– కార్యదర్శి