నా ఫిర్యాదు టికెట్ మూసింది ఎవరో చెప్పండి

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: చార్జర్ పెడితే ప్రాసెసర్ వేగం 400 మెగాహెర్ట్జ్ దాటని ల్యాప్‌టాప్, అంతకంటే నెమ్మదిగా నడుస్తున్న మీ సర్వీసు గురించి.

నమస్కారం.

మోడల్ ఏంటి, ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత అనేవి ఇక్కడ రాయడం లేదు. అవన్నీ మీ దగ్గరే ఉన్నాయి. ఫోన్ చేసిన ప్రతిసారీ మీవాళ్లు సీరియల్ నంబర్ అడుగుతారు. చెప్తాను. "థాంక్యూ సార్, మీ డీటెయిల్స్ కన్‌ఫర్మ్ అయ్యాయి" అంటారు. ఆ వెంటనే "చెప్పండి సార్, మీ ప్రాబ్లమ్ ఏంటి?" అంటారు. నేను ముందు చెప్పిందంతా ఆ స్క్రీన్ మీద ఉండదా అని అడిగితే "ఉంది సార్, కానీ మీ మాటల్లో వినాలి" అన్నాడు ఒకాయన. నా మాటలు వినడం అంత ఇష్టమైతే ఒక్కసారైనా చివరిదాకా వినాల్సింది.

నేను హన్మకొండలో ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్తాను. ఈ సంగతి గొప్ప కోసం చెప్పడం లేదు. ప్రాసెసర్ వేగాన్ని, కరెంటు ఖర్చును ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ ఎట్లా సంభాళిస్తుందో ఏటా పిల్లలకు చెప్పేవాడికి మీవాళ్లు "సార్, బ్రౌజర్‌లో కుకీలు క్లియర్ చేశారా?" అని అడిగారు. ఆ కోపం ఎక్కడిదో మీకు తెలియాలని రాస్తున్నాను.

జరిగింది చిన్న విషయం. చార్జింగ్ పోర్టు వదులైందని నక్కలగుట్టలో ఉన్న మీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. వారంటీలో మార్చారు, సంతకం పెట్టించుకున్నారు. ఇంటికి తెచ్చి ఆన్ చేయగానే, పెట్టిన చార్జర్ ఏ రకమో గుర్తుపట్టలేకపోతున్నానని స్క్రీన్ మీద వచ్చింది. కింద "కంటిన్యూ" బటన్. అంటే మీ యంత్రమే తన జబ్బేంటో తనే చెప్పింది. ఆరోజు బ్యాటరీలో మిగిలిన కాస్త చార్జింగ్‌తో చూశాను. వైర్ పీకేస్తే మామూలుగా పరుగెత్తుతుంది, వైర్ పెడితే 400కి పడిపోతుంది. వేడా అంటే అదీ కాదు, చేయి పెడితే చల్లగా ఉంది. ఆ తర్వాత బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది, మళ్లీ ఎక్కలేదు. మీవాళ్లు మార్చిన పోర్టులోనో, దాని తీగలోనో చార్జర్‌ను గుర్తుపట్టే పిన్ను సరిగ్గా తగలడం లేదని దీన్ని చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. ఎవరికైనా అన్నాను, మీవాళ్లు తప్ప.

మొదట ఫోన్ చేశాను. తెలుగు కోసం మూడు నొక్కమంటే నొక్కాను. హిందీలో ఒకమ్మాయి ఎత్తింది. పాపం చాలా మర్యాదస్తురాలు, ఆమె మీద నాకేం కోపం లేదు. చార్జర్ సంగతి చెప్పాను, పోర్టు మార్చిన సంగతి చెప్పాను. అన్నీ విని, "సార్, ఒకసారి చార్జర్ తీసేసి రీస్టార్ట్ చేయండి" అంది. బ్యాటరీ సున్నా ఉందమ్మా, తీస్తే ఆగిపోతుంది అన్నాను. "ఫర్వాలేదు సార్, ప్రాసెస్ ప్రకారం చేయాలి" అంది. తీశాను. ఆగిపోయింది. "ఇప్పుడు స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది సార్?" అని అడిగింది. నా ముఖం కనిపిస్తోంది అని చెప్పాను.

రెండో అంచె వాళ్లకు కలిపారు. అక్కడాయన నేను లైనక్స్ వాడుతున్నానని తెలియగానే ఊపిరి పీల్చుకున్నాడు. "అదే సార్ ప్రాబ్లమ్. అది మేం సపోర్ట్ చేయం." పాఠం చెప్పే అలవాటు కొద్దీ ఆయనకు విడమర్చి చెప్పాను. లైనక్స్ కెర్నెల్‌లో వేగం సంగతి చూసేది సీపీయూఫ్రీక్ అనే భాగం. ఎప్పుడు ఎంత వేగం కావాలో తేల్చేవాటిని గవర్నర్లు అంటారు. 2016లో 4.7 వెర్షన్‌తో వచ్చిన షెడ్యుటిల్ అనే గవర్నర్ అయితే, ఏ పని ఎప్పుడు నడవాలో తేల్చే షెడ్యూలర్ దగ్గరున్న లోడ్ లెక్క చూసి ఇంత ఫ్రీక్వెన్సీ కావాలని అడుగుతుంది. పెర్‌ఫార్మెన్స్ గవర్నర్ పెడితే ఎప్పుడూ గరిష్ఠమే అడుగుతుంది. నేను అదీ పెట్టి చూశాను. గరిష్ఠ పరిమితి ఫైల్‌లో పెద్ద సంఖ్యే ఉంది, ఇప్పటి వేగం ఫైల్‌లో మాత్రం 400000. అవి కిలోహెర్ట్జ్‌లు, లెక్కేస్తే అదే 400 మెగాహెర్ట్జ్. అంటే కెర్నెల్ అడుగుతూనే ఉంది, కింద హార్డ్‌వేర్ ఇవ్వడం లేదు. ఎందుకంటే ప్రాక్‌హాట్ అనే సిగ్నల్ ఒకటుంటుంది. ప్రాసెసర్ వేడెక్కినప్పుడు చెప్పడానికి పెట్టిందే అయినా, అది రెండువైపులా పనిచేస్తుంది. చార్జర్ మీద నమ్మకం లేనప్పుడు మదర్‌బోర్డు కూడా ఆ సిగ్నల్ ఇచ్చి ప్రాసెసర్‌ను అట్టడుగుకు తొక్కిపెట్టగలదు. పైన ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నా ఫలితం ఒక్కటే. ఈ కెర్నెల్ గతి, నా గతి ఒకటే అయిపోయింది: ఎంత అడిగినా కింద వినేవాడు లేడు.

ఆయన అంతా విని, "ఓకే సార్, విండోస్ వేశాక కాల్ చేయండి" అన్నాడు.

వేశాను. ఒక ఆదివారం దానికే పోయింది, 400 మెగాహెర్ట్జ్ మీద విండోస్ ఎక్కించి చూడండి తెలుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో 0.39 గిగాహెర్ట్జ్, అంటే దాదాపు అదే 400. మీవాళ్లు రిమోట్‌లో వచ్చి వాళ్ల కళ్లతో వాళ్లే చూశారు. పవర్ ఆప్షన్స్‌లోకి పోయి మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 శాతం ఉందా లేదా చూశారు. ఉంది. దాన్ని 99 చేసి మళ్లీ 100 చేశారు. ఎందుకని అడిగితే "రీఫ్రెష్ అవుతుంది సార్" అన్నారు. నాకు కొత్త విద్య.

ఇక ఆ తర్వాత మాట్లాడిన సీనియర్ గారి మాట కాలేజీ స్టాఫ్ రూమ్‌లో ఇప్పటికీ నడుస్తోంది. "సార్, స్పీడ్ తక్కువ ఉంటే మీకు కరెంటు ఆదా కదా, ఒకరకంగా ప్లస్ పాయింటే." నవ్వుతూ అనలేదు, సీరియస్‌గా అన్నాడు. ఆయనకోసం కాకపోయినా మీ ట్రైనింగ్ వాళ్లకోసం రాస్తున్నాను. ప్రాసెసర్ లోపలి ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ అవడానికి (స్విచింగ్‌కు) పట్టే పవర్ ఫ్రీక్వెన్సీని బట్టి, వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి ఉంటుంది. ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే వోల్టేజ్ కూడా తగ్గించొచ్చు, అసలు ఆదా అక్కడ వస్తుంది. కానీ వోల్టేజ్ ఒక హద్దు కన్నా కిందికి దిగదు. ఆ హద్దు తర్వాత వేగం ఇంకా తగ్గిస్తే పని సాగదీయడమే అవుతుంది. అంతసేపూ లీకేజీ, అంటే ఊరికే కారిపోయే కరెంటు ఉంటుంది, స్క్రీన్ వెలుగుతుంది, ర్యామ్ కరెంటు తాగుతుంది. అందుకే చాలా పనుల్లో గబగబా ముగించి గాఢంగా నిద్రపోవడమే మేలు. ఏ కోర్‌ను ఎంత లోతు నిద్రలోకి పంపాలో చూడటానికి కెర్నెల్‌లో సీపీయూఐడిల్ అని ఒక భాగమే ఉంది. నా ప్రాసెసర్‌కు ఆ నిద్ర రాదు, పొద్దంతా ఒకే పని మీద ఉంటుంది కదా. మీ సీనియర్ గారి లెక్క ప్రకారం 2019లో 5.0 కెర్నెల్‌లో, ఏ పని ఏ కోర్‌కు ఇస్తే కరెంటు తక్కువ పడుతుందో చూసే ఎనర్జీ అవేర్ షెడ్యూలింగ్ చేర్చినవాళ్లు అమాయకులు. ఇంత కోడ్ రాసే బదులు ప్రతి ఫోన్‌లో ఒక పిన్ను వంచేస్తే పోయేది.

చివరికి మళ్లీ నక్కలగుట్టే. అక్కడ కౌంటర్‌లో ఉన్న పిల్లగాడు మంచివాడు, ముందే చెప్తున్నాను, వాడి ఉద్యోగం మీదికి తేవద్దు. "పోర్టు మార్చిన తర్వాత చార్జర్‌ను గుర్తుపట్టడం లేదు" అని జాబ్‌షీట్‌లో రాయమన్నాను. "అట్ల రాయనీయదు సార్ సిస్టమ్, లిస్టులోంచి ఒకటి ఎంచుకోవాలె" అన్నాడు. మానిటర్ నా వైపు తిప్పి చూపించాడు కూడా. "స్లో", "హ్యాంగ్", "నో పవర్", "అదర్స్". అదర్స్ నొక్కమంటే, నొక్కితే అప్రూవల్ కోసం హైదరాబాద్ పోతుంది సార్, లేటవుతుంది అన్నాడు. "స్లో" నొక్కాడు. నా ఫిర్యాదు మొత్తం ఆ ఒక్క అక్షరమయింది.

పార్ట్ సికింద్రాబాద్ నుంచి రావాలన్నారు. ఆగాను. మేడారం జాతర ట్రాఫిక్ కదా సార్, కొరియర్ హన్మకొండ దాకా రాలేకపోతోంది అన్నారు. అది నిజమే అనుకున్నాను, ఆ రోజుల్లో ములుగు రోడ్డు సంగతి మాకు తెలియంది కాదు. సమ్మక్క తల్లి చిలకలగుట్ట నుంచి గద్దె మీదికి వచ్చింది, మొక్కులు తీసుకుంది, వనప్రవేశం చేసి వెళ్లిపోయింది. మీ పార్ట్ మాత్రం సికింద్రాబాద్ దాటలేదు.

ఒకరోజు పొద్దున పార్ట్ సంగతి కనుక్కుందామని వెళ్లి అదే సర్వీస్ సెంటర్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: "కస్టమర్ స్పందించనందున మీ టికెట్ మూసివేయబడింది." నేను కౌంటర్‌కు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆ మెసేజ్ పిల్లగాడికి చూపించాను. వాడు నన్ను చూశాడు, స్క్రీన్ చూశాడు, "మేం మూయలేదు సార్, బ్యాక్ ఎండ్ వాళ్లు మూశారు" అన్నాడు. బ్యాక్ ఎండ్ ఎక్కడుంటుందంటే వాడికీ తెలియదు. ఇంకో నిమిషానికి ఇంకో మెసేజ్: మా సేవలు ఎలా ఉన్నాయి, ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు? మెషీన్ తిరిగిచ్చారు, "టెస్టెడ్, సిస్టమ్ ఓకే" అని స్టిక్కర్ వేసి. అడగకుండా ఫార్మాట్ కూడా చేశారు, దానికి స్టిక్కర్ లేదు. ఆన్ చేస్తే మళ్లీ అదే మెసేజ్, అదే "కంటిన్యూ" బటన్. టెస్ట్ చేసినాయన ఆ బటన్ నొక్కి ముందుకు పోయి ఉంటాడు. మీ కంపెనీ మొత్తం నా విషయంలో చేసింది అదే.

ఫిర్యాదులు చూసే మీ నోడల్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టాను. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని క్షణంలో జవాబు వచ్చింది. అంత త్వరగా జవాబిచ్చింది మనిషి కాదని చెప్పడానికి కెర్నెల్ చదవాల్సిన పనిలేదు.

మా బాపు రిటైరయినప్పుడు ఇంట్లోకి వచ్చిన మొదటి కంప్యూటర్ మీదే. మా చెల్లె పెళ్లికి బావకు పెట్టిన ల్యాప్‌టాప్ మీదే. మా కాలేజీ ల్యాబ్‌కు మెషీన్లు కొనేటప్పుడు వేరే కంపెనీ వాళ్లు ఇంకా తక్కువ ధర చెప్పినా, సర్వీసు బాగుంటుందని కమిటీ ముందు మీ తరఫున మాట్లాడింది నేను. ఆ మీటింగ్‌లో ఉన్న మా హెచ్‌ఓడీ ఇప్పుడు కనిపించినప్పుడల్లా "ఏంది సార్, ఎంత వచ్చింది ఈరోజు? నాలుగొందలేనా?" అంటున్నారు. ల్యాబ్‌కు కొత్త మెషీన్ల కొటేషన్లు త్వరలోనే తెరుస్తారు. ఆ కమిటీలో నేను ఇంకా ఉన్నాను.

పోర్టు, దాని తీగ సరిగ్గా మార్చి, చార్జర్‌ను గుర్తుపట్టేట్టు చేసి ఇవ్వాల్సింది ఎట్లాగూ మీరే, అది వేరే చెప్పాల్సిన పనిలేదు. అసలు నాకు కావాల్సింది ఆ టికెట్ ఎవరు మూశారో, నేను స్పందించలేదని ఏం చూసి రాశారో ఒక కాగితం మీద. అది ఇవ్వలేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం నాకూ వచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేనుంటున్న జిల్లాలోనే కమిషన్‌లో కేసు వేయొచ్చు. కొన్న వస్తువుకు కట్టిన డబ్బు 5 లక్షల దాకా అయితే ఫీజు కూడా లేదు. మీ కేసు కోసం హైదరాబాద్ బస్సెక్కే అవసరం నాకు లేదు, మీరే హన్మకొండ రావాలి. జాతర లేనప్పుడు రోడ్డు బాగానే ఉంటుంది.

జాబ్‌షీట్ కాపీ, ఆ "స్పందించనందున" మెసేజ్, అదే సమయానికి మీ సర్వీస్ సెంటర్‌లో నేను తీసుకున్న టోకెన్ ఫొటో జతచేస్తున్నాను. దీనికి జవాబు ఎవరైనా మనిషి తన పేరు పెట్టి రాయాలి. "డియర్ వాల్యూడ్ కస్టమర్" అని మొదలయ్యే ఉత్తరం వస్తే నేను చదవను, ప్రింట్ తీసి నేరుగా కేసు ఫైల్‌లో పెడతాను.

ఇట్లు,
మీ రికార్డుల ప్రకారం స్పందించని కస్టమర్,
హన్మకొండ