పోర్టు ఉన్న మా పిల్లలకు రక్తం ఎక్కించే సిస్టర్లకు కృతజ్ఞతలు

డే కేర్ వార్డు సిస్టర్లకు, థలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుక జబ్బు) ఉన్న పిల్లల తల్లిదండ్రులందరి తరఫున నమస్కారాలు.

మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే పిల్లల్లో చాలామందికి చేతి నరమే సరిపోతుంది. ఎంత వెతికినా నరం దొరకని కొందరికే ఛాతీ దగ్గర చర్మం కింద పోర్టు, అంటే పెద్ద నరంలోకి వెళ్లే గొట్టం తగిలించిన చిన్న డబ్బీ, పెడతారు. పోర్టుతో ఇన్‌ఫెక్షన్ భయం, రక్తం గడ్డకట్టే భయం రెండూ ఉంటాయి. ప్లీహం తీసేసిన పిల్లలకు ఆ భయం ఇంకా ఎక్కువ. అయినా మేం ధైర్యంగా ఉన్నామంటే మీ చేతి జాగ్రత్త వల్లే. కొత్తగా పోర్టు పెట్టించుకునేవాళ్లకూ పనికొస్తుందని, దేనికి కృతజ్ఞులమో వివరంగా రాస్తున్నాం.

ముందుగా, ఎంత తొందరలో ఉన్నా మామూలు సూదితో గుచ్చనందుకు. పోర్టు పైన ఉండే సిలికాన్ మూతను మామూలు సూది తొలిచేస్తుంది, ఆ రంధ్రం మళ్లీ పూడదు. పోర్టు కోసమే చేసిన హ్యూబర్ సూది సన్నగా చీల్చుకుని దిగుతుంది, తీయగానే చీలిక మూసుకుంటుంది. రక్తానికి 20 గేజ్ (సూది లావు కొలత; అంకె పెరిగితే సూది సన్నం) ఉంటే మేలు. 22 గేజ్‌తోనూ ఎక్కుతుంది గానీ బాగా నెమ్మది. సూది పొడవు కూడా చూసి ఎంచుతారు మీరు. పొట్టి సూది పోర్టు అడుగును తాకకపోతే రక్తం చర్మం కిందికి పోయి వాపు వస్తుంది. నొప్పి తెలియకుండా గంట ముందే ఎమ్లా క్రీము రాసి తీసుకురమ్మని గుర్తుచేసేదీ మీరే.

శుభ్రత విషయంలో మీ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. మీకూ బిడ్డకూ మాస్కు, స్టెరైల్ గ్లోవ్స్, ఆల్కహాలు కలిసిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో 30 సెకన్లు రుద్దడం, ఆ తర్వాత దానంతటదే ఆరేదాకా ఆగడం. త్వరగా ఆరాలని నోటితో ఊదబోయిన తల్లిదండ్రులను మీరు ఆపడం న్యాయమే. ఊదితే శుభ్రం చేసిన చోటికే మళ్లీ క్రిములు చేరతాయి.

తర్వాతి మెట్టు, రక్తం వెనక్కి వస్తోందా లేదా అన్నది. సలైన్ లోపలికి సాఫీగా పోయినంత మాత్రాన పోర్టు బాగున్నట్టు కాదు. గొట్టం కొసన పేరుకున్న ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పీచు) పొర లోపలికి పోనిస్తుంది, లాగితే అడ్డుపడుతుంది. అప్పుడు చెయ్యి పైకెత్తించి, దగ్గమని, పక్కకు తిరగమని చూస్తారు. అయినా రాకపోతే డాక్టరు గారికి చెబుతారు; ఆయన గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ మందు రాస్తారు, లేదా ఎక్స్‌రే తీయిస్తారు. కాలర్ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య గొట్టం నలిగితే, చెయ్యి కదిపినప్పుడల్లా ధార మారుతుంటుంది. ఈ దశలో చిన్న సిరంజితో బలంగా తోస్తే గొట్టం పగిలిపోవచ్చు. అందుకే 10 మి.లీ. కంటే చిన్న సిరంజి మీ ట్రేలో ఉండదు.

రక్తం కిలోకు 10 నుంచి 15 మి.లీ. లెక్కన, అంటే 20 కిలోల బిడ్డకు 200 నుంచి 300 మి.లీ., మూడు నాలుగు గంటల్లో ఎక్కుతుంది. నాలుగు గంటలు దాటకూడదు. మొదటి పదిహేను నిమిషాలు నెమ్మదిగా పోనిస్తూ మీరు మంచం పక్కనే ఉంటారు. అదే లైనులో నార్మల్ సలైన్ తప్ప మరేదీ కలపనివ్వరు. రింగర్ లాక్టేట్‌లోని కాల్షియంతో రక్తం గడ్డకట్టవచ్చు, గ్లూకోజుతో ఎర్రకణాలు పగులుతాయి.

అన్నింటికంటే ఎక్కువ కృతజ్ఞత చివరి అయిదు నిమిషాల పనికి. ఇంటికి వెళ్లే హడావిడిలో తగ్గించేది సాధారణంగా ఇదే. 20 మి.లీ. సలైన్‌ను ఒకే ధారగా కాక, తోసి ఆగి, తోసి ఆగి పంపితేనే పోర్టు మూలల్లో నిలిచిన రక్తం కడుక్కుపోతుంది. ఆ తర్వాత డాక్టరు రాసిన మోతాదులో, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు. మన దగ్గర మి.లీ.కు 1000 యూనిట్లవీ, 5000 యూనిట్లవీ వయల్స్ దొరుకుతాయి. 1000 యూనిట్ల దాంట్లో 1 మి.లీ.కు 9 మి.లీ. సలైన్ కలిపితే మి.లీ.కు 100 యూనిట్లవుతుంది. పొరపాటున 5000ది తీస్తే అయిదు రెట్లు! కాబట్టే లేబులు ఇద్దరు చదువుతారు. ఆఖరి అర మి.లీ. తోస్తూనే సూది బయటికి తీస్తారు, లేకుంటే రక్తం గొట్టం కొసలోకి వెనక్కి పీల్చుకుని అక్కడే గడ్డకడుతుంది.

రక్తం ఎక్కుతుండగా చలిజ్వరం వస్తే వెంటనే రక్తం ఆపి, బ్యాగు లేబులు సరిచూసి, బ్లడ్ బ్యాంకుకు తెలిపే మీ వేగానికీ కృతజ్ఞతలు. పోర్టు ఫ్లష్ చేసిన (సలైన్‌తో కడిగిన) కాసేపటికే వణుకు వస్తే పోర్టునే అనుమానించాలని, యాంటీబయాటిక్‌కు ముందే పోర్టు నుంచీ చేతి నుంచీ కల్చర్‌కు (క్రిములున్నాయా అని చూసే పరీక్షకు) రక్తం తీయాలని మాకు నేర్పింది మీరే. ఇంట్లో 100.4 డిగ్రీల జ్వరం కనిపిస్తే రక్తం ఎక్కించడంతో ఒంట్లో పేరుకునే ఐరన్‌ను తగ్గించే మందు ఆపి ఆసుపత్రికి రమ్మని చెప్పిందీ మీరే.

ఆర్‌హెచ్, కెల్ అనే రక్తం గ్రూపులు కూడా సరిచూసి, తెల్లకణాలు వడపోసిన ప్యాకెట్లు పంపుతున్న బ్లడ్ బ్యాంకు సిబ్బందికి, పేరు తెలియకుండానే రక్తమిస్తున్న దాతలకు మా నమస్కారాలు.

కొత్త తల్లిదండ్రులకు ఒక మనవి: పోర్టు కార్డు ఎప్పుడూ వెంట ఉంచుకోండి, ఎంఆర్ఐకి వెళ్తే ముందుగా చూపించండి. ఏ కారణంతోనైనా ఒక నెల చేతి నరానికే రక్తం ఎక్కిస్తే, ఆ రోజే పోర్టును కూడా ఫ్లష్ చేయమని సిస్టర్‌ను అడగండి.