పది వారాల టీకా రోజున తల్లిని ఒక్క మాట అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

పసిపిల్లల గుండెలో రంధ్రం గురించి ఇప్పుడు చాలామందికి తెలుసు. గుండెకే రక్తం అందించే ఎడమ కరోనరీ ధమని పుట్టుకతోనే తప్పుచోట, అంటే బృహద్ధమని నుంచి కాకుండా ఊపిరితిత్తులకు వెళ్లే ధమని నుంచి మొదలయ్యే జబ్బు ఒకటుందని తెలిసినవాళ్లు తక్కువ. దీన్ని డాక్టర్లు అల్కాపా అంటారు. సుమారు 3 లక్షల మందిలో ఒకరికి వస్తుంది. అరుదే కానీ వైద్యం అందకపోతే ఆ పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఏడాది నిండకుండానే పోతారు.

పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది, వేలికి పెట్టే ఆక్సిజన్ పరీక్షలో కూడా ఏమీ తేలదు. ఊపిరితిత్తుల ధమనిలో పీడనం అప్పటికింకా ఎక్కువగా ఉంటుంది కాబట్టి గుండె కండరానికి రక్తం ఎలాగోలా అందుతుంది, వారాలు గడిచి ఆ పీడనం తగ్గేసరికి, రెండు మూడు నెలల వయసులో గుండె నీరసపడటం మొదలవుతుంది. పాలు తాగుతూ చెమటలు పట్టడం, మధ్యలో వదిలేసి గుక్కపట్టి ఏడవడం, పాలిపోవడం, డొక్కలెగరేయడం.

మా తమ్ముడి కొడుక్కి ఇవన్నీ ఉన్నాయి. ముందు కడుపునొప్పి అన్నారు, తర్వాత నిమ్ము అన్నారు, ఎక్స్‌రేలో గుండె పెద్దదిగా కనిపించాక కండరం బలహీనం, మందులు వాడుకోండి అన్నారు. వేరే ఊళ్లో ఒక డాక్టరమ్మ ఈసీజీ చూసి అనుమానపడి, ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, ఆ ధమని ఎక్కడి నుంచి వస్తోందో పట్టుబట్టి చూపించారు. ఆపరేషన్ చేసి ధమనిని బృహద్ధమనికి కలిపారు. కొన్ని నెలల్లో గుండె కోలుకుంది. ఇలా కోలుకోవడం మా వాడొక్కడి అదృష్టం కాదు, కండరం పూర్తిగా దెబ్బతినకముందే రక్తం అందితే చాలామంది పిల్లల్లో జరిగేదే. అందుకే నాకింత బాధ, వారాల తరబడి నిమ్ము మందులతో గడిపేస్తున్న బిడ్డలు ఇంకెందరో అని.

ఇప్పుడు అసలు విషయం. ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వచ్చే వరస 42వ రోజుతో అయిపోతుంది, తర్వాతి వరస మూడో నెలలో మొదలవుతుంది. ఈ జబ్బు బయటపడేది ఆ మధ్యలోనే! కానీ 10, 14 వారాల టీకాలకి తల్లి బిడ్డనెత్తుకుని ఎలాగూ వస్తుంది కదా. ఆ రోజు ఏఎన్‌ఎం "పాలు తాగేటప్పుడు చెమటలు పడుతున్నాయా, ఆయాసపడుతున్నాడా" అని అడిగి, అవునంటే జిల్లా కేంద్రానికి పంపేలా ఆరోగ్యశాఖ ఆదేశాలివ్వాలి. దీనికి కొత్త బడ్జెట్ ఏమీ అక్కర్లేదు.

ఆపరేషన్‌కి దారి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, 2021లో తిరుపతిలో టీటీడీ వాళ్లు పిల్లల గుండె ఆస్పత్రి తెరిచారు. అక్కడిదాకా చేరడమే కష్టంగా ఉంది. పిల్లల్లో పుట్టుక లోపాల్ని ముందే పట్టుకోడానికి 2013 నుంచి నడుస్తున్న బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో పసిపిల్లలకి ఈసీజీ తీసే ఏర్పాటు, వారానికి ఒక్క రోజైనా పిల్లల ఎకో చూడగల డాక్టరు ఉండాలి. పిల్లల డాక్టర్లకి కూడా ఒక మనవి, నెలల బిడ్డకి గుండె కండరం బలహీనం అని రాసే ముందు కరోనరీ ధమని ఎక్కడి నుంచి వస్తోందో దయచేసి ఒకసారి చూడండి, చూపించే వీలు లేకపోతే ఆ రోజే పెద్దాస్పత్రికి పంపండి.

ఇట్లు,
ఒక మేనత్త, నరసరావుపేట